అంపైరింగ్ ప్యాంటు: ప్లేట్‌కి ఒకటి, బేస్‌కి ఒకటి కొనాలా? ఒక్కటి చాలదా?

ఫ్రిస్కో_నాన్న

అందరికీ నమస్తే. మా వాడికి పదేళ్ళు, లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఈ సీజన్లో అంపైర్లు తక్కువయ్యారని తల్లిదండ్రుల్ని అడిగితే నేను చేస్తానన్నాను. ట్రైనింగ్ అయింది. రూల్స్ మెల్లగా ఒంటబడుతున్నాయి కానీ బట్టల దగ్గర ఆగిపోయాను.

చొక్కా లీగ్ వాళ్ళే ఇచ్చారు. ప్యాంటు మనం కొనుక్కోవాలి. ఆన్‌లైన్లో చూస్తే మూడు రకాలున్నాయి: బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గర, బంతి పట్టే క్యాచర్ వెనక నిలబడేవాళ్ళకి ప్లేట్ ప్యాంటు, మైదానంలో ఉండేవాళ్ళకి బేస్ ప్యాంటు, రెండింటికీ పనికొచ్చేలా కాంబో ప్యాంటు. అన్నీ గ్రేనే. ఫొటోల్లో నాకు ఏ తేడా కనబడలేదు.

ఇవి నిజంగా వేరువేరా, లేక అమ్ముకోవడానికి పెట్టిన పేర్లా? నా ఆఫీసు ప్యాంటులాంటిదే ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోదా? ట్రైనింగ్‌లో ఒకాయన "వారానికి ఒక మ్యాచ్ చేసేవాడికి కాంబో కూడా ఎక్కువే" అన్నాడు. పక్కనున్నాయన "ప్లేట్ ప్యాంటు లేకుండా ప్లేట్ వెనక్కి వెళ్ళకు" అన్నాడు. ఎవరి మాట వినాలి?

ప్లేట్_వెనక (ఎడిసన్)

రెండో ఆయన మాట వినండి. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను, ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఆఫీసు ప్యాంటు ఒక సైజు పెంచితే పెరిగేది నడుము. తొడ దగ్గర కొంచెం వదులవుతుంది. మోకాలి కింద దాదాపు ఏమీ మారదు, పైగా ఈ రోజుల్లో ఆఫీసు ప్యాంట్లన్నీ కిందికి వచ్చేసరికి సన్నబడతాయి. మన షిన్ గార్డ్ ఉండేది సరిగ్గా అక్కడే: మోకాలి చిప్ప మీద నుంచి పాదం దాకా గట్టి ప్లాస్టిక్, వెనక పిక్క చుట్టూ పట్టీలు. అదంతా ప్యాంటు లోపల పట్టాలి. ప్లేట్ ప్యాంటు తొడ నుంచి కింది దాకా వెడల్పుగా కట్ చేస్తారు. బేస్ ప్యాంటు సన్నం. కాంబో మధ్యస్తం. పేర్లు ఊరికే పెట్టలేదు.

నా మొదటి సంవత్సరం సంగతి చెబుతాను. నేనూ మీలాగే పెద్ద సైజు ఆఫీసు ప్యాంటు వేసుకెళ్ళాను. రెండు ఇన్నింగ్స్ బాగానే గడిచాయి. మూడో ఇన్నింగ్స్‌కి చెమట పట్టి గుడ్డ గార్డ్‌కి అతుక్కుంది. కిందికి వంగుతుంటే మోకాలి దగ్గర గుడ్డ పట్టేసి, నడుము వెనక నుంచి జారుతోంది. దాంతో తెలియకుండానే సగంలోనే ఆగిపోవడం మొదలుపెట్టాను. నా తల పైనే ఉండిపోయింది. పైనుంచి చూస్తే మోకాలి ఎత్తులో వచ్చే బంతి ఉన్నదానికంటే కిందుగా కనిపిస్తుంది. బ్యాటర్ కొట్టగలిగే చోటు మీదుగా వస్తే స్ట్రైక్, ఆ చోటు దాటిపోతే బాల్ అనాలి. ఇన్నింగ్స్ మధ్యలో ఒక కోచ్ దగ్గరికొచ్చి మర్యాదగానే అడిగాడు (అంపైర్‌ని ఇక్కడ బ్లూ అని పిలుస్తారు): "బ్లూ, మొదట్లో స్ట్రైక్ ఇచ్చిన చోటే ఇప్పుడు బాల్ అంటున్నారు, చూసుకోండి." ఆయన అన్నది నిజమే. ఆ రోజు బంతి విసిరే ఆ పదేళ్ళ పిచ్చర్‌కి నేను అన్యాయం చేశాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

మాకు బట్టలు సోకు కోసం కాదు. ప్రతి బంతికీ తల ఒకే ఎత్తుకి దిగాలి, దిగనివ్వని ప్యాంటు మంచి ప్యాంటు కాదు.

లెక్కల_మాస్టారు (క్యారీ)

ప్లేట్_వెనక గారి అనుభవాన్ని కాదనను. కానీ అందులో తప్పు ఆఫీసు ప్యాంటుది. దాన్నిబట్టి కాంబో పనికిరాదని ఎలా తేల్చారు?

నేను ఐదేళ్ళుగా ఒకే మోడల్ కాంబో వాడుతున్నాను. మా దగ్గర శనివారం మొదటి మ్యాచ్‌కి ప్లేట్, రెండో మ్యాచ్‌కి బేస్. మధ్యలో టైము పదిహేను నిమిషాలు. కారు పక్కన నిలబడి గార్డులు విప్పి, నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాలి. ప్లేట్ ప్యాంటుతోనే బేస్ దగ్గరికి వెళితే లుంగీ కట్టుకుని పరుగెత్తినట్టే. ఇద్దరు అంపైర్లే ఉన్నప్పుడు బేస్ అంపైర్ మొదటి బేస్ దగ్గర నుంచి లోపలికి పరుగెత్తి, బంతిని చూస్తూ తిరగాలి. కాళ్ళకి గుడ్డ చుట్టుకుంటే పడతాం.

డబ్బు కూడా ఆలోచించండి. మాస్క్, చెస్ట్ ప్రొటెక్టర్, షిన్ గార్డులు, ముందు స్టీలు పెట్టిన షూస్ అన్నీ కొనేసరికే చేతి చమురు బాగా వదులుతుంది. ఇది జీతం లేని పని. కొత్తవాళ్ళని రెండు ప్యాంట్లు కొనమని భయపెడితే వచ్చేవాళ్ళు కూడా రారు. పదేళ్ళ పిల్లల ఆట, ఆరు ఇన్నింగ్స్. మంచి కాంబో ఒకటి చాలు.

ప్లేట్_వెనక

మాస్టారూ, ఆరు ఇన్నింగ్సే అంటే సరిపోదు. తొమ్మిది, పదేళ్ళ పిల్లల్లో ఒక్క పిచ్చర్‌కే రోజుకి 75 బంతుల దాకా అనుమతి ఉంది. రెండు జట్లూ, మధ్యలో మారే పిచ్చర్లూ కలిపితే 150 దాటడం మామూలే. అన్నిసార్లు గుంజీళ్ళు తీయాలి. ఇక జీతం లేదన్నారు. విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అంపైర్లు కూడా వాలంటీర్లే. వాళ్ళని చూడండి, ప్యాంటు మోకాలి దగ్గర ఎక్కడైనా పట్టేస్తుందేమో.

పరుగెత్తేటప్పుడు వెడల్పు ప్యాంటు అడ్డమన్నది మాత్రం ఒప్పుకుంటాను. అందుకే బేస్‌కి నేను వేరేది తొడుక్కుంటాను.

కుట్టు_సూది (ఆల్ఫారెట్టా)

నేను అంపైర్‌ని కాదు. మా ఇంట్లో ఇద్దరు అంపైర్లున్నారు, మావారూ, మా పెద్దవాడూ. ఇంటి దగ్గరే బట్టలు ఆల్టర్ చేస్తాను, కాబట్టి లీగ్‌లో చాలామంది ప్యాంట్లు నా మిషన్ మీదికే వస్తాయి.

ప్లేటా కాంబోనా అని వాదించుకునే ముందు ప్యాంటు తిరగేసి చూడండి అన్నయ్యా. లేబుల్ మీద ఏం రాసుందో ఎవరికి కావాలి? కాళ్ళ మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు చూడండి. చవక రకం అయితే అక్కడ ఒంటి కుట్టు, ఓవర్‌లాక్ దారాలు వేలాడుతూ ఉంటాయి. వంగే మనిషికి మొదట విడిపోయేది అదే. మంచిదైతే రెండు వరసల కుట్టు ఉంటుంది, లేదా అక్కడ చిన్న ముక్క వేసి కుట్టి ఉంటారు. తర్వాత నడుము వెనక కుట్టు దగ్గర లోపల గుడ్డ వదిలారా లేదా చూడండి. వదిలితే అంగుళంన్నర దాకా నేను విప్పగలను. వదలకపోతే నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు.

ఆల్టర్ చేయగలిగినవి: నడుము, పొడవు, కాస్త పిక్క వెడల్పు తగ్గించడం. చేయలేనివి: తొడ పెంచడం, వెనక ఎత్తు (కాళ్ళ మధ్య కుట్టు నుంచి నడుము దాకా) పెంచడం. అందుకని తొడకీ వెనక ఎత్తుకీ సరిపోయేది కొని, నడుము నా దగ్గర తగ్గించుకోండి. అందరూ ఉల్టా చేస్తారు. నడుము సరిపోయింది కదా అని కొనేస్తారు, తర్వాత "తొడ దగ్గర కొంచెం లూజ్ చేయమ్మా" అంటూ వస్తారు. లేని గుడ్డ ఎక్కడి నుంచి తేను?

టేపుతో కొలిచేటప్పుడు కూడా నిలబడి కొలవకండి. కుర్చీలో కూర్చుని, గార్డ్ తొడుక్కుని, తొడ మధ్యలో ఒకటి, మోకాలి చిప్ప మీదుగా ఒకటి కొలతలు తీసుకోండి. మావారికి నిలబడితే తొడ 23 అంగుళాలు, కూర్చుంటే దాదాపు 25. ఆ రెండు అంగుళాల దగ్గరే ప్యాంట్లన్నీ చిరిగేది.

చికాగో_క్రికెట్

నేను ఇక్కడ క్రికెట్ లీగ్‌లో అంపైరింగ్ చేస్తాను. నల్ల ప్యాంటు, రంగు చొక్కా, టోపీ, అంతే. బట్టల మీద ఇంత చర్చ చూస్తుంటే నాకొకటి అనిపిస్తోంది. అంపైర్‌కి గౌరవం నిర్ణయం వల్ల వస్తుంది. సరైన నిర్ణయం ఇచ్చేవాడు పంచె కట్టుకున్నా అంపైరే.

ప్లేట్_వెనక

తమ్ముడూ, క్రికెట్‌లో నువ్వు వికెట్ల వెనక నిటారుగా నిలబడతావు, నీ మీదికి బంతి వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఇక్కడ క్యాచర్ వదిలేసిన ప్రతి బంతీ, బ్యాట్ అంచుకి తగిలి వెనక్కి వచ్చే ప్రతి బంతీ నాకే. ఒళ్ళంతా కవచం. దాని మీద తొడుక్కునే బట్ట మామూలు కొలతకి ఎలా సరిపోతుంది?

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పెద్ద ప్రొఫెషనల్ బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో రెండు భాగాలున్నాయి, అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్. అమెరికన్ లీగ్ అంపైర్లు చాలా ఏళ్ళు గాలి నింపిన పెద్ద పరుపులాంటి రక్షణని చొక్కా బయట పట్టుకుని నిలబడేవాళ్ళు. అలాంటప్పుడు బట్ట ఒంటికి సరిపోతే చాలు. నేషనల్ లీగ్‌లో బిల్ క్లెమ్ అనే అంపైర్ దారిలో ప్రొటెక్టర్ చొక్కా లోపలికి వెళ్ళింది. 1977 నుంచి అమెరికన్ లీగ్‌లో కొత్తగా చేరేవాళ్ళకి కూడా లోపలిదే తప్పనిసరి చేశారు. కవచం లోపలికి వెళ్ళాక చొక్కా కొలత ఒంటిది కాదు, కవచానిది. కాబట్టి చొక్కా ఒక సైజు పెద్దదే తీసుకోవాలి.

గౌరవం సంగతికొస్తే, 1966లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి అంపైర్ ఎమ్మెట్ ఆష్‌ఫర్డ్ గురించి చదువు. మెరిసే షూస్, కఫ్‌లింక్స్, నలగని బట్టలతో వచ్చేవాడు. పదిహేనేళ్ళు కింది స్థాయి మైనర్ లీగ్‌లో చేసి వచ్చిన మనిషికి నిర్ణయాలు తెలియక కాదు కదా అలా తయారయ్యేది. తన పనిని తాను గౌరవిస్తున్నానని చూసేవాళ్ళకి తెలియాలి.

ఫ్రీమాంట్_అమ్మ

మీరందరూ మగవాళ్ళ కొలతల మీదే మాట్లాడుతున్నారు. నేను మూడేళ్ళుగా అంపైరింగ్ చేస్తున్నాను, ఎత్తు ఐదడుగుల రెండు. లీగ్ వాళ్ళిచ్చిన చొక్కా మగవాళ్ళ లార్జ్, అంతకంటే చిన్నది లేదన్నారు. భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయేది. స్ట్రైక్ అని చెయ్యి గట్టిగా లాగితే చంక కింద గుడ్డంతా కదిలి చొక్కా బయటికొచ్చేది. "టైమ్" అని రెండు చేతులూ ఎత్తినప్పుడల్లా మళ్ళీ లోపలికి దోపుకోవడమే. వెనక స్టాండ్స్‌లో ఎవరో నవ్వడం వినిపించింది. ఆ తర్వాత రెండు ఇన్నింగ్స్ నా గొంతు నాకే చిన్నగా అనిపించింది.

చికాగో తమ్ముడు నిర్ణయం చాలంటున్నాడు. నిర్ణయం గట్టిగా చెప్పడానికి ధైర్యం కావాలి, ఒంటి మీద గుడ్డ నిలవకపోతే ధైర్యం సగం అక్కడే పోతుంది. 1972లో బెర్నీస్ గెరా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో మొదటి మహిళా అంపైర్‌గా నిలబడింది. మేజర్ లీగ్ సీజన్ మ్యాచ్‌లో ఒక మహిళ, జెన్ పావోల్, నిలబడేసరికి 2025 ఆగస్టు 9 వచ్చింది. ఆడవాళ్ళ కొలతల్లో అంపైర్ బట్టలు ఇప్పుడు దొరుకుతున్నాయి కానీ లీగ్‌లు ఒక్కసారిగా కొనేటప్పుడు ఎవరూ అడగరు. మీ లీగ్ మీటింగ్‌లో దయచేసి అడగండి.

నేను చివరికి ఆడవాళ్ళ కట్‌లో రెండు సైజులు పెద్ద చొక్కా సొంతంగా కొనుక్కున్నాను. భుజం సరిపోయింది, ప్రొటెక్టర్ మీద కూడా ముడత లేకుండా ఉంది.

కుట్టు_సూది

అక్కా, భుజం సరిపోయేది ముందు చూసుకోవడం చాలా మంచి పని చేశారు. భుజం దించడం అంటే చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ కుట్టడమే. పొడవు మాత్రం తగ్గించవద్దు. చొక్కా అంచు తొడ సగం దాకా ఉండాలి, అప్పుడే చేతులెత్తినా బయటికి రాదు.

లెక్కల_మాస్టారు

ఇంకో మాట. అందరూ రంగు మర్చిపోయారు. లేత గ్రే ప్యాంటుకి చెమట మచ్చ దూరం నుంచి కూడా కనబడుతుంది. ముదురు గ్రేకి కనబడదు. ఫ్రిస్కో ఎండలకి ముదురు గ్రే తీసుకోండి. కానీ తొందరపడి కొనేయకండి, ముందు మీ లీగ్‌లో మిగతావాళ్ళు ఏది వేస్తున్నారో అడగండి. ఇద్దరు అంపైర్లు ఒకే మైదానంలో వేరే రంగుల్లో నిలబడితే అతకనట్టుంటుంది. చొక్కా రంగు కూడా ప్లేట్ అంపైర్ ఏది చెబితే అది ఇద్దరూ వేసుకోవాలి.

అదనపు బంతులు పెట్టుకుని నడుముకి తగిలించుకునే బాల్ బ్యాగ్‌ని కూడా లెక్కలో పెట్టండి. ఒక్కో బంతి దాదాపు 145 గ్రాములు. ఐదు పెట్టుకుంటే ముప్పావు కిలోకి దగ్గరగా ఒక పక్కే వేలాడుతుంది. నడుము పట్టీ మెత్తగా ఉంటే మడత పడి కిందికి లాగుతుంది. పట్టీని వేళ్ళతో మడిచి చూడండి, వెంటనే నిటారుగా లేవాలి. బెల్టు లూపులు వెడల్పు బెల్టుకి సరిపోవాలి. నా కాంబో నేను ఎంచుకున్నది ఈ నడుము పట్టీ చూసే. స్ట్రెచ్ గుడ్డ కదా, నాలుగు వైపులా సాగుతుంది. మోకాలి దగ్గర ఇప్పటిదాకా పట్టలేదు.

ప్లేట్_వెనక

స్ట్రెచ్ గుడ్డ సాగుతుంది నిజమే, కానీ పలుచన. గార్డ్ ఆకారం మొత్తం బయటికి కనబడుతుంది. వెల్‌క్రో పట్టీ లోపల రాసుకుని రెండు నెలల్లో నూలుపోగులు లేస్తాయి. నా దళసరి పాలిస్టర్ ప్యాంటు ఐదో సీజన్లో ఉంది.

లెక్కల_మాస్టారు

వెల్‌క్రోది గుడ్డ తప్పు కాదు సార్. పట్టీ కొస బయటికి వదలకుండా పూర్తిగా మూసేస్తే రాసుకోదు. లోపల పొడవు సాక్సు పైకి లాక్కుంటే ఇంకా మంచిది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, చెమట పీల్చుకుని ఆరే గుణం పోతుంది. ఇవి రెండూ పాటిస్తే నాదీ ఐదో సంవత్సరమే.

ఫ్రిస్కో_నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం మా సీనియర్ అంపైర్ దగ్గర ప్లేట్, కాంబో రెండూ తెచ్చుకుని గరాజ్‌లో గార్డులు తొడుక్కుని ప్రయత్నించాను. మా వాడు క్యాచర్‌గా కూర్చున్నాడు, నేను వెనక నిలబడ్డాను. ముప్పై సార్లు కిందికీ పైకీ. ప్రతిసారీ నా గడ్డం ఎంత ఎత్తులో ఆగుతుందో మా ఆవిడ గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టింది.

ప్లేట్ ప్యాంటులో గీతలన్నీ దాదాపు ఒకే చోట పడ్డాయి. కాంబోలో మొదటి ఇరవై బాగానే ఉన్నాయి, తర్వాత రెండంగుళాలు పైకి పోయాయి. అలసట వల్లో గుడ్డ వల్లో తేలక, పావుగంట ఆగి మళ్ళీ చేశాను. మళ్ళీ అలాగే వచ్చింది. అయితే ఆ కాంబో ఆయన కొలత, నా తొడకి కొంచెం టైటే. అందుకని మాస్టారు చెప్పింది తప్పనలేను.

ముదురు గ్రేలో ప్లేట్ ప్యాంటు ఒకటి ఆర్డర్ పెట్టాను, తొడ 26 అంగుళాలు చూసి. నడుము రెండంగుళాలు ఎక్కువే వస్తుంది. కింద మడత వేయకుండా వదిలేసిన రకం. కుట్టు_సూది గారూ, ఎక్కడ కత్తిరించాలో చెప్పండి, నా మొదటి మ్యాచ్ వచ్చే శనివారం.

కుట్టు_సూది

ఇప్పుడే కత్తిరించకండి. గార్డులు తొడుక్కుంటే ప్యాంటు ఒక అంగుళం దాకా పైకి పోతుంది. ప్లేట్ షూస్, గార్డులు, బెల్టు, బాల్ బ్యాగ్‌లో బంతులు అన్నీ పెట్టుకుని నిలబడి, అంచు షూ మీద కొంచెం ఆనేలా గుండుసూదులు పెట్టించుకోండి. తర్వాత వంగి చూడండి, సాక్సు కనబడితే సూదులు దించండి. మిగిలిన గుడ్డ కోయకుండా లోపలికి మడిచి కుట్టించండి. పాలిస్టర్ కదా, ఇస్త్రీ మరీ వేడిగా పెట్టవద్దని టైలర్‌కి చెప్పండి.