సమస్యాపూరణం: “మూత దీయకుండ మోము వెలిగె”

సంచాలకుడు:
సాహితీమిత్రులందరికీ నమస్సులు. ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

మూత దీయకుండ మోము వెలిగె

నిద్రావస్థలో ఉన్న ల్యాప్‌టాప్‌ను బయటి కీబోర్డుతో మేల్కొలపడం వస్తువు. మూత తెరవనిదే మోము వెలగడమన్న విరోధాన్ని మంత్రంతోనో కలతోనో కాక, యంత్రంలో నిజంగా జరిగే పనితోనే పరిహరించాలని నా కోరిక. పద్యం గణయతులకు ఎంత లోబడి ఉండాలో, వస్తుసత్యానికీ అంతే లోబడి ఉండాలి.

మొదటి పూరణ (ఒక సభ్యురాలు):

బయటి తెరను గూర్చి పలకమీటను నొక్క
నిదురనున్న గణని నిక్కి లేచె;
ప్రక్కనున్న పెద్ద ఫలకంబునందున
మూత దీయకుండ మోము వెలిగె.

సంచాలకుడు:
అమ్మా, మీ పూరణ బాగున్నది, అభినందనలు. వెలిగిన మోము మూత కింద ఉన్నది కాదు, బల్లమీద విడిగా ఉన్న తెరది అని చెప్పడంతో విరోధం తొలగిపోయింది. ఇది ఎందరో రోజూ పని చేసుకునే పద్ధతే. మ్యాక్‌బుక్‌ను ఇలా మూసి వాడాలంటే బయటి తెర, కీబోర్డులతో పాటు ఛార్జరు కూడా తగిలించి ఉండాలని ఆపిల్ సంస్థ సూచిస్తుంది. ఒక్క సూచన: మొదటి పాదంలో “పలక” కీబోర్డు, మూడవ పాదంలో “ఫలకం” తెర కావడంతో చదువరి క్షణకాలం తడబడతాడు. “బల్లమీది తెరకు ప్రాణమ్ము వచ్చెను” అని మార్చి చూడండి. యతి చెల్లుతుంది, అన్వయమూ సుగమమవుతుంది.

రెండవ పూరణ (ఒక సభ్యుడు):

తీగలోన నలఁతి తేజమ్ము నిలుపంగ
మేలుకొలుపు పలుకు మీట పంప
గతము మఱవనట్టి గణని కనులు విప్పె
మూత దీయకుండ మోము వెలిగె.

సంచాలకుడు:
ఆర్యా, ఇప్పటివరకు వచ్చిన వాటిలో నాకు మిక్కిలి నచ్చిన పూరణ ఇది. మొదటి పాదమే పద్యానికి ప్రాణం. యూఎస్‌బీ తీగపై 3 మిల్లీ సెకన్ల పాటు ఏ కదలికా లేకపోతే కీబోర్డు తానుగా విరామస్థితిలోకి వెళ్తుంది. ఆ స్థితిలో అది తీసుకునే విద్యుత్తు 2.5 మిల్లీ ఆంపియర్లు మించకూడదని నియమం. ఆ కొద్దిపాటి విద్యుత్తుతోనే అది తన మీటలను కనిపెట్టుకుని ఉంటుంది. మీట నొక్కగానే 1 నుంచి 15 మిల్లీ సెకన్ల పాటు మేలుకొలుపు సంకేతాన్ని తీగపై నిలుపుతుంది. అటువైపున కంప్యూటరులో ఉన్న యూఎస్‌బీ కంట్రోలరు దానిని అందుకుని, కనీసం 20 మిల్లీ సెకన్ల పాటు తానే కొనసాగించి, యంత్రాన్ని లేపే పని మొదలుపెడుతుంది. “మేలుకొలుపు పలుకు మీట పంప” అన్నది అలంకారం కోసం అన్న మాట కాదు, జరిగే పనికి యథాతథమైన వర్ణన.

“గతము మఱవనట్టి” అన్న విశేషణం కూడా సార్థకమే. కంప్యూటర్ల విద్యుత్తు వాడకాన్ని నిర్దేశిస్తూ 1996లో వెలువడిన ఏసీపీఐ ప్రమాణం ఎస్3 అని పేర్కొన్న నిద్రలో ప్రాసెసరు ఆగిపోయినా మెమరీకి విద్యుత్తు అందుతూనే ఉంటుంది, అందువల్ల తెరచి ఉంచిన పనులన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి.

మరొక సభ్యురాలు:
సంచాలకులకు నమస్సులు. యంత్రం పూర్తిగా ఆగిపోయే హైబర్నేషన్‌లో కూడా గతం పోదు కదా, అది డిస్కులో భద్రంగా ఉంటుంది. అలాంటప్పుడు ఆ విశేషణం ఒక్కటే నిద్రను గుర్తుపట్టడానికి చాలుతుందా?

సంచాలకుడు:
చక్కటి ఆక్షేపణ. మూడవ పాదం ఒక్కటే చాలదు, మొదటి పాదంతో కలిపి చదివితేనే చాలుతుంది. హైబర్నేషన్‌లో మెమరీకి విద్యుత్తు ఆగిపోతుంది, చాలా యంత్రాల్లో యూఎస్‌బీ పోర్టులకూ ఆగిపోతుంది. అప్పుడు కీబోర్డు ఎంత పిలిచినా వినే చెవి ఉండదు, పవర్ బటన్ నొక్కవలసిందే. “తీగలోన నలఁతి తేజమ్ము” ఉన్నదని కవి ముందే చెప్పినందువల్ల ఇది నిద్రే తప్ప హైబర్నేషన్ కాదని తేలుతున్నది. పూరణలో ఒక పాదం మరొక పాదాన్ని ఇలా కాపాడుకోవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు.

మూడవ పూరణ (ఒక సభ్యుడు):

తీగ లేని మీట తెలియ నొక్కితి గాని
గణని కదలదయ్యె, కటిక నిదుర;
తీగ తగిలినంత తెలివి వచ్చినదాయె
మూత దీయకుండ మోము వెలిగె.

సంచాలకుడు:
నడక హాయిగా ఉన్నది. “కటిక నిదుర” అన్న పలుకుబడి చక్కగా కుదిరింది. అయితే తీగ లేని కీబోర్డులన్నీ నిద్ర లేపలేవన్న అర్థం వస్తున్నది, అది సత్యం కాదు. బ్లూటూత్ కీబోర్డు విషయంలో, నిద్రవేళ యంత్రం తన బ్లూటూత్ భాగాన్ని మెలకువగా ఉంచితే లేస్తుంది, లేకపోతే లేవదు. యూఎస్‌బీ రిసీవరుతో పనిచేసే వైర్‌లెస్ కీబోర్డు సంగతి వేరు. అక్కడ యంత్రాన్ని పిలిచేది పోర్టులో ఉన్న రిసీవరే కనుక, యంత్రం దృష్టిలో అది తీగ ఉన్న కీబోర్డుతో సమానం. మొదటి పాదాన్ని “తీగ లేని దొకటి” అని ఆరంభిస్తే, చెప్పినది అన్నిటికీ కాక ఒక్క కీబోర్డుకే వర్తిస్తుంది. ఇక తీగ తగిలించినంత మాత్రాన మెలకువ రావడం అన్ని యంత్రాల్లోనూ నమ్మదగినది కాదు, మీట నొక్కడమే నమ్మకమైన దారి. “తీగమీట నొక్క తెలివి వచ్చినదాయె” అనండి, దోషం పోతుంది.

నాల్గవ పూరణ (ఒక సభ్యురాలు):

లేపు హక్కు మీట కిచ్చియుంటిని నేను
మీట తట్టినంత మేలుకొనియె;
మాట దాటలేదు మడతయంత్రము నేఁడు
మూత దీయకుండ మోము వెలిగె.

సంచాలకుడు:
అమ్మా, భావం అమోఘం. మొదటి పాదంలో “లే”కు “కి”తో యతి చెల్లదు. “లేపు హక్కు నిచ్చి లెస్సగా నమరింప” అంటే సరిపోతుంది. ఆ హక్కు ఎవరికి అన్నది రెండవ పాదంలోని మీటతో తెలిసిపోతుంది.

హక్కు అన్న మాట సరిగ్గా పడింది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరచి, ఆ కీబోర్డు వివరాల్లో పవర్ మేనేజ్‌మెంట్ విభాగానికి వెళ్తే, కంప్యూటరును మేల్కొలిపే అనుమతి ఇచ్చే గడి ఒకటి ఉంటుంది. ఆ విభాగమే కనిపించని యంత్రాలూ ఉన్నాయి. లినక్స్‌లో యంత్రాన్ని మేల్కొలపగల ప్రతి పరికరానికీ వేకప్ అన్న ఫైలు ఉండి, అందులో ఎనేబుల్డ్ అని గానీ డిసేబుల్డ్ అని గానీ కనిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో, ఆరంభంలో నడిచే బయోస్ అమరికల్లో కూడా విడిగా అనుమతి ఇవ్వాలి.

అయిదవ పూరణ (ఒక సభ్యుడు):

సంచిలోన నదుమ సడిలేక మీటను
వేడి పుట్టె నందు వేగిరముగ;
చూచువారు లేని చోటనే తెరయందు
మూత దీయకుండ మోము వెలిగె.

సంచాలకుడు:
అందరూ మెలకువను మేలుగా వర్ణిస్తుండగా, మీరు అక్కరలేని మెలకువను తలపెట్టారు. రిసీవరు పోర్టులోనే ఉండిపోయి, వైర్‌లెస్ కీబోర్డు అదే సంచిలో ఏదో ఒత్తిడికి గురైతే యంత్రం లేస్తుంది. గాలి ఆడని చోట వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా తరిగిపోతుంది. ఈ ప్రమాదాన్ని తలచుకునే, మూత మూసి ఉన్నంతసేపు కీబోర్డు పిలుపును లెక్కచేయకుండా కొందరు తయారీదారులు యంత్రాన్ని అమరుస్తారు. మూత అంచున ఉండే అయస్కాంతాన్ని సెన్సరు గుర్తించి, మూత మూసి ఉన్నదో తెరచి ఉన్నదో తెలుపుతుంది.

రెండవ పూరణ కర్త:
అయితే మొదటి పూరణ అటువంటి యంత్రాలకు అన్వయించదు కదా?

సంచాలకుడు:
అన్వయించదు. అక్కడ మూత ఒకసారి ఎత్తి, లేచిన తరువాత తిరిగి మూయవలసి ఉంటుంది. మూసినప్పుడు ఏమీ చేయవద్దన్న అమరిక ఉంటేనే అది మళ్లీ నిద్రపోకుండా ఉంటుంది. సమస్యాపాదం నిజమయ్యేది మూత మూసి ఉన్నా పిలుపు వినే యంత్రాల్లోనే కనుక, మొదటి పూరణకు లోపమేమీ లేదు.

అయిదవ పూరణలో సవరించవలసినది “తెరయందు” అన్న మాట. మూత మూసి ఉన్నప్పుడు లోపలి తెర సాధారణంగా ఆరిపోయే ఉంటుంది, వెలిగేది యంత్రం అంచున ఉండే చిన్న దీపం. “చూచువారు లేని చోట దీపమ్ముతో” అంటే మోము ఆ దీపానిదవుతుంది, వస్తుసత్యమూ నిలుస్తుంది.

అయిదవ పూరణ కర్త:
మీ సవరణను స్వీకరిస్తున్నాను. “నదుమ” అన్నచోట కర్త స్పష్టంగా లేదేమోనని ఒక సందేహం.

సంచాలకుడు:
ఒత్తినది ఒక మనిషి కాదు, సంచిలో ఉన్న ఏదో ఒక వస్తువు. కర్తను చెప్పకుండా విడిచిపెట్టడమే అక్కడ ఉచితం, అలాగే ఉంచండి.