మా ఊరికి బైపాస్ కావాలా, ఉన్న రోడ్డే వెడల్పు చెయ్యాలా?

రోడ్డుపక్క ఇల్లు:
విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు, కొరాపుట్ వైపు పోయే 26వ నంబరు జాతీయ రహదారి మీద మాది చిన్న ఊరు. రోడ్డు నడిబజార్లోంచే పోతుంది. బైపాస్‌కి ఆమోదం వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఊళ్ళో ఇదే గొడవ. బైపాస్ వద్దు, ఉన్నదాన్నే వెడల్పు చెయ్యండని కొందరు సంతకాలు కూడా పెట్టిస్తున్నారు. నాకైతే బైపాస్ కావాలి. మొన్న వేసవిలో సంత రోజు సాయంత్రం మా అమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. 108 వెంటనే వచ్చింది గానీ ఒడిశా వెళ్ళే లారీ ఒకటి మలుపులో ఇరుక్కుపోయి, దాని వెనక బస్సులు, ట్రాక్టర్లు, బజారు దాటడానికే అరగంట పట్టింది. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ అరగంట మాత్రం నేను మర్చిపోలేను. వద్దంటున్నవాళ్ళు ఎందుకు వద్దో చెప్పండి.

కిరాణా కొట్టు:
చెప్తాను బాబూ. మా నాన్నగారి కాలం నుంచి ఆ రోడ్డు మీదే బతుకుతున్నాం. బైపాస్ పడితే ఎక్స్‌ప్రెస్ బస్సులు ఊళ్ళోకి రావు, అర్ధరాత్రి ఆడపిల్లల్ని కిలోమీటరు దూరంలో చీకట్లో దింపేసి పోతాయి. అయినా రాయ్‌పూర్ నుంచి విశాఖ దగ్గర సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త దారి ప్రాజెక్టు ఉంది కదా, విశాఖ పోర్టు లారీలన్నీ దాని మీదికే పోతాయి. ఇంక మనకి బైపాస్ దేనికి?

స్టీరింగ్ పట్టినోడు:
ఇరవై ఏళ్ళు ఆ రూట్లో లారీ తోలాను కాబట్టి చెప్తున్నాను. ఆ ఆరు వరుసల దారి ఎక్కడపడితే అక్కడ ఎక్కేది, దిగేది కాదు, దాని కోసం కట్టిన చోటే. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం సరుకు, ధాన్యం, రామభద్రపురం కూరగాయలు అన్నీ పాత రోడ్డు మీదే తిరుగుతాయి. టోల్ మిగుల్చుకుందామనుకునే డ్రైవర్లూ ఇటే వస్తారు. వెడల్పు అంటున్నారు గానీ బాబాయ్, అప్పుడు ముందు కూల్చేది మీ కొట్టునే కదా.

గెడ్డ అవతల పొలం:
మీరంతా లారీలు, కొట్లు, బస్సుల గురించే మాట్లాడుతున్నారు. రోడ్డు పడేది మా మడుల్లో. అయినా నేను బైపాస్ వద్దనటం లేదు, రోడ్డుపక్క ఇల్లు వాళ్ళమ్మగారి సంగతి చదివాక అసలు అనలేను. నేనడిగేది గెడ్డ గురించి, అంటే మా వాగు గురించి. మా చెరువు నిండేది ఆ గెడ్డతోనే, కింద రెండు వందల ఎకరాల వరి ఆ నీళ్ళ మీదే. బైపాస్ అంటే పొలాల మధ్య ఆరేడు అడుగుల ఎత్తున మట్టికట్ట. నీళ్ళు పారే ప్రతి చోటా సరిపడా తూము పెట్టకపోతే వానాకాలం ఎగువ మడులు మునుగుతాయి, దిగువ చెరువు ఎండుతుంది. ఎడ్లబండి, ట్రాక్టరు అవతలికి దాటడానికి కింద నుంచి దారి లేకపోతే మా నాన్న తన మడికే రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోవాలి. లేదా డివైడర్ పగలగొట్టి దాటతారు, అక్కడే ప్రాణాలు పోతాయి.

ఇంకోటి. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద భూమి తీసుకుంటామని గెజిట్‌లో వేసి, పేపర్లలో ప్రకటన ఇచ్చాక అభ్యంతరం రాసివ్వడానికి 21 రోజులే గడువు. ఆ ప్రకటన ఎంతమంది చూస్తారు? పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కనే ఇవ్వాలి, మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము, కలిపి. కానీ ఆ విలువ చూసేది రిజిస్ట్రేషన్ కాగితాల్లో, మన ఊళ్ళో ఎవరూ కొన్న ధర కాగితం మీద రాయించరు. మేము ఎనిమిదేళ్ళుగా కౌలుకి చేస్తున్నాం. మూడేళ్ళు ఆ భూమి మీద ఆధారపడిన కౌలుదారుని కూడా ఆ చట్టం బాధిత కుటుంబమే అంటుంది, కానీ కౌలు కార్డు ఇప్పించడానికి సంతకం పెట్టమంటే ఆసామి ఒప్పుకోడు. డబ్బు ఆయనకి, పని పోయేది మాకు.

కిరాణా కొట్టు:
ఇది నేను ఆలోచించలేదమ్మా. నిజంగానే.

స్టీరింగ్ పట్టినోడు:
నేనూ ఒకటి కలుపుతాను. బైపాస్ పడగానే దాని పక్కన వెంచర్లు వేసి, ప్రతి లేఅవుట్‌కీ నేరుగా రోడ్డు మీదికి దారి ఇచ్చేస్తే పదేళ్ళలో అదీ బజారే అవుతుంది. సర్వీసు రోడ్డు మొదట్నుంచే ఉండాలి. బస్సులకి ఊరి మొగలో లైట్లున్న స్టాపు కూడా.

రోడ్డుపక్క ఇల్లు:
అయితే ఆ సంతకాల కాగితం చింపేద్దాం బాబాయ్. దాని బదులు ఇంకోటి రాద్దాం: బైపాస్ కావాలి, గెడ్డ దగ్గర ఎన్ని తూములు, పొలాలకి కింద దారి ఎక్కడ, స్టాపు ఎక్కడ అని. ఆదివారం పొద్దున్నే గెడ్డ వెంబడి నడిచి, నీళ్ళు పారే చోటల్లా గుర్తు పెట్టుకుందాం. గెడ్డ అవతల పొలం, మీ నాన్నగార్ని కూడా తీసుకురా. ఏ వానకి నీళ్ళు ఎంత దాకా వస్తాయో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.