మంచు బ్లేడు అంచు ఒక కొసనే ఎందుకు అరుగుతోంది?

ప్రశ్న

నేను ట్రక్కు ముందు బిగించిన మంచు బ్లేడుతో పార్కింగు స్థలాలను శుభ్రం చేస్తాను. సీజను మొదట్లో కొత్త కటింగ్ ఎడ్జ్ (బ్లేడు అడుగున బోల్టులతో బిగించే, నేలను ఒరుసుకునే పట్టీ) వేయించాను. సీజను సగానికి రాకముందే దాని కుడి కొస ఎడమ కొసకన్నా సుమారు రెండు సెంటీమీటర్లు ఎక్కువ అరిగింది, ఆ కొసన ఉన్న బోల్టులు రెండుసార్లు తెగాయి. కారణం తెలియకుండా మరో ఎడ్జ్ వేస్తే దానికీ ఇదే గతి పడుతుందని ఆందోళనగా ఉంది. ట్రిప్ స్ప్రింగులను (అడ్డు తగిలినప్పుడు బ్లేడును ఒరగనిచ్చే స్ప్రింగులను) ఇంకా బిగించమని ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా?

సమాధానం 1

స్ప్రింగుల జోలికి వెళ్ళేముందు ట్రక్కును చదునైన నేల మీద నిలిపి, టైర్లన్నిటిలో గాలి సరిగా ఉందో లేదో చూసి, బ్లేడును కిందికి దించి, దాన్ని మోసే ఏ-ఫ్రేము నేలకు సమాంతరంగా ఉందో లేదో కొలవండి. ఫ్రేము ముందుకో వెనక్కో వాలి ఉంటే బ్లేడు తిన్నగా ఉన్నంతసేపు ఏ తేడా కనిపించదు. పక్కకు తిప్పగానే ఒక కొస నేలను గట్టిగా ఒరుసుకుంటుంది, రెండో కొస గాలిలోకి లేస్తుంది. మీరు ఎప్పుడూ మంచును ఒకే వైపుకు తోసేవారైతే అరుగుదల అంతా ఒక్క కొసకే చేరుతుంది. పివట్ పిన్ను (బ్లేడు పక్కకు తిరగడానికి ఇరుసుగా ఉండే పిన్ను) అరిగి దాని రంధ్రం వదులైనా ఇదే జరుగుతుంది. బ్లేడును చేత్తో ఊపి చూస్తే ఆ వదులు తెలిసిపోతుంది.

సమాధానం 2

స్ప్రింగులను ఇంకా బిగించమన్న సలహాతో నేను ఏమాత్రం ఏకీభవించను. మంచు కింద దాగిన రాయో, మ్యాన్‌హోల్ మూత అంచో తగిలినప్పుడు బ్లేడు ముందుకు ఒరిగి ఆ దెబ్బను తప్పించుకోవడానికే ఆ స్ప్రింగులు ఉన్నాయి. అతిగా బిగిస్తే బ్లేడు ఒరగదు. దెబ్బ అంతా బోల్టుల మీద, వెల్డింగు అతుకుల మీద, చివరికి ట్రక్కు ఛాసిస్ మీద పడుతుంది. మరీ వదులుగా ఉంటే మంచు బరువుకే ఒరిగిపోతుంది, అదీ మంచిది కాదు. సరైన బిగింపు ఎంతో ఆ బ్లేడు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించండి. వేగం సంగతి కూడా మరవకండి: గంటకు 10 కిలోమీటర్ల వేగం 20కి పెరిగితే ఢీకొన్నప్పటి శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

బోల్టుల విషయానికొస్తే, పాతవాటిని మళ్ళీ వాడకండి. ఎడ్జ్‌కూ బ్లేడుకూ మధ్య పేరుకున్న తుప్పునూ పాత పెయింటునూ గీకి తీయకుండా బిగిస్తే, మొదటి కొన్ని గంటల పనిలోనే ఆ పొర నలిగిపోయి బోల్టు వదులవుతుంది. వదులైన బోల్టు ప్రతి దెబ్బకూ కదులుతూ రంధ్రాన్ని కోలగా చేస్తుంది, ఆ తరువాత తెగుతుంది. అందుకే కొత్త ఎడ్జ్ వేశాక మొదటి రోజు పని ముగియగానే నట్లన్నిటినీ తప్పక మళ్ళీ బిగించాలి.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు కొలిచాను. ఏ-ఫ్రేము ముందు భాగం వెనుక భాగం కన్నా కిందికి వాలి ఉంది, పివట్ పిన్ను కూడా వదులుగానే ఉంది. మంచును ఎడమ వైపుకే తోయడం నాకు అలవాటు, అందువల్ల కుడి కొస ఎప్పుడూ ముందుంటుంది. నట్లను రెండోసారి బిగించిన మాట లేదు. పిన్ను మార్చి, ఫ్రేము ఎత్తు సరిచేస్తాను. ఈ ఎడ్జ్‌నే తలకిందులుగా తిప్పి వాడుకోవచ్చా?

సమాధానం 3

రెండు అంచులతోనూ పనిచేసేలా తయారైన ఎడ్జ్ అయితే, రంధ్రాలు కోలగా మారకుండా ఉంటే తిప్పవచ్చు. అరుగుదల బోల్టు తలల దాకా వచ్చి ఉంటే మాత్రం దాన్ని తీసేయండి, ఎందుకంటే ఆ దశ దాటాక నేలను ఒరుసుకునేది మోల్డ్‌బోర్డు (మంచును తోసే బ్లేడు పలక) అడుగు భాగమే, దాన్ని బాగుచేయడం ఎడ్జ్ మార్చడం కన్నా ఎన్నో రెట్లు ఖర్చుతో కూడిన పని. ఎక్కువ కాలం మన్నుతుందని కార్బైడ్ (ఉక్కు కన్నా చాలా గట్టి పదార్థం) ఎడ్జ్ వైపు మొగ్గితే ఒక్కటి గుర్తుంచుకోండి: అది అరుగుదలను బాగా తట్టుకుంటుంది గాని పెళుసుగా ఉంటుంది, గట్టి దెబ్బకు పగులుతుంది. కాబట్టి ఫ్రేమునూ స్ప్రింగులనూ సరిచేసిన తరువాతే దాని గురించి ఆలోచించండి.

పిన్ను మార్చేటప్పుడే హైడ్రాలిక్ హోసులు (బ్లేడును కదిపే సిలిండర్లకు నూనె చేరవేసే గొట్టాలు) ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయేమో చూడండి. సీజను ముగిశాక ఉప్పును నీటితో కడిగి, సిలిండర్ల రాడ్లను లోపలికి ముడిచి, బయట మిగిలిన మెరుపు భాగానికి గ్రీజు పూయండి. లేకపోతే అక్కడ పట్టిన తుప్పు వచ్చే సీజనులో సిలిండర్ల నుంచి నూనె కారకుండా ఆపే సీళ్ళను కోసేస్తుంది.