వ్యూహమా, ఎత్తుగడా? రగ్బీ విశ్లేషణ తెలుగు చేస్తుంటే వచ్చిన సందేహం

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. ఒక రగ్బీ టెస్ట్ సిరీస్ విశ్లేషణను తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అందులో స్ట్రాటజీ, టాక్టిక్స్, ప్రెడిక్షన్ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి రెండింటికీ మనం ‘వ్యూహం’ అనే ఒక్క మాటే వాడేస్తుంటాం, మూడోదాన్ని ‘జోస్యం’ అంటాం. నాకు రెండూ మనసుకెక్కలేదు. ఎందుకో రాస్తాను, తప్పుంటే దిద్దండి.

ముందు వ్యూహం సంగతి. ఇప్పుడు దాన్ని ఆలోచన అనే అర్థంలో వాడుతున్నాం గానీ, అసలు అది అమరిక పేరు. క్రౌంచవ్యూహం, మకరవ్యూహం, పద్మవ్యూహం: ఎవరు ముందుండాలి, ఎవరు రెక్కల్లో ఉండాలి, ఎవరు వెనక కాయాలి అని యుద్ధానికి ముందే సైన్యాన్ని నిలబెట్టే పద్ధతి. పాత తెలుగులో దీనికి ‘మొగ్గరం’ అనే చక్కటి మాట ఉంది. వల పన్నినట్టే వ్యూహాన్నీ పన్నుతాం.

రగ్బీలో ఈ మాట అచ్చంగా సరిపోయే చోటు స్క్రమ్, అంటే ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టడానికి రెండు జట్లూ బంతి కోసం తలపడే తోపులాట. ముందు వరసలో ముగ్గురు, వాళ్ల వెనక నలుగురు, అందరికీ వెనక ఒకడు. ఎనిమిది మందీ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, తలలు వంచి, అవతలి ఎనిమిది మందిని నెడతారు. ఇక్కడ నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం ఒకటి దొరికింది. సంస్కృత ధాతువుల పాత పట్టిక అయిన ధాతుపాఠంలో ‘ఊహ్’కు వితర్కం (ఆలోచించడం) అనే అర్థం ఉంది, మన ‘ఊహ’ అక్కడిదే. మోనియర్ విలియమ్స్ సంస్కృత-ఇంగ్లీషు నిఘంటువులో మాత్రం అదే రూపంలో ఇంకో ధాతువు కూడా కనిపిస్తుంది. దాని అర్థం నెట్టడం, తోయడం. వ్యూహం అనే మాటలోనే ఆ తోపు ఉందన్నమాట!

ఇక ఎత్తు. చదరంగంలో ఒక్కో కదలికా ఒక ఎత్తు. ఎత్తు వేస్తాం, ఎదుటివాడు పైఎత్తు వేస్తాడు, ఎత్తు పారుతుంది లేదా చిత్తవుతుంది. వ్యూహంలా ఇది ముందే కట్టి పెట్టుకునేది కాదు, ఎదుటివాడి చేతిని బట్టి అప్పటికప్పుడు పుట్టేది. మన వామపక్ష సాహిత్యం ఈ తేడాను ఎప్పుడో స్థిరపరిచింది. స్ట్రాటజీ అంటే వ్యూహం, టాక్టిక్స్ అంటే ఎత్తుగడలు. రాజకీయాల్లో ఇంత శుభ్రంగా పాటిస్తున్న తేడాను ఆటల దగ్గర ఎందుకు వదిలేయాలి?

2025లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) ఆస్ట్రేలియాలో ఆ దేశపు జట్టుతో ఆడిన మూడు టెస్టులు తీసుకోండి. (క్రికెట్ అలవాటున్నవారికి ఒక మాట: రగ్బీ టెస్ట్ అంటే 80 నిమిషాల్లో అయిపోయే ఒక్క మ్యాచ్.) బ్రిస్బేన్‌లో లయన్స్ 27-19తో గెలిచారు. మెల్‌బోర్న్ టెస్టుకు ఆస్ట్రేలియా కోచ్ జో ష్మిట్, బ్రిస్బేన్‌లో ఆడని విల్ స్కెల్టన్, రాబ్ వాలెటిని అనే ఇద్దరు భారీ మనుషులను ముందు దళంలోకి తెచ్చాడు. అది వ్యూహం. ఒక దశలో ఆస్ట్రేలియా 23-5 ఆధిక్యంలోకి వెళ్లింది కూడా. విరామం దాటి ఎంతోసేపు కాకముందే ఆ ఇద్దరూ మైదానం వదిలారు, లయన్స్ పుంజుకున్నారు. ఆఖరి నిమిషాల్లో స్కోరు 26-24, ఆస్ట్రేలియాదే పైచేయి. డ్రాప్ గోల్ (బంతిని నేలకు తగిలించి గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొడితే లయన్స్‌కు మూడు పాయింట్లు వచ్చి గెలుపు చేతికొచ్చేది. వాళ్లు ఆ దారి పట్టకుండా, బంతి చేజారకుండా పాస్ మీద పాస్ ఇస్తూ ఆస్ట్రేలియా గోల్ గీత వైపు జరుగుతూ పోయారు. చివరికి లయన్స్ ఆటగాడు హ్యూగో కీనన్ బంతిని గీత అవతల నేలకు ఆనించాడు. 29-26. అది ఎత్తుగడ. రెండింటినీ ‘వ్యూహం’ అని రాస్తే ఆ చివరి నిమిషపు ఉత్కంఠ ఎక్కడ మిగులుతుంది?

అన్నట్టు లయన్స్ కోచ్ ఆండీ ఫారెల్ ఒకప్పుడు ఐర్లండ్ జట్టులో ఇదే ష్మిట్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. ఎత్తుకు పైఎత్తు అనడానికి ఇంతకంటే తగిన జంట దొరకదు.

జోస్యం గురించి క్లుప్తంగా. జ్యోతిషం నుంచి వచ్చిన మాట, గ్రహాలు చూసి చెప్పేది. గాయాలు, బెంచ్ బలం, వాతావరణం చూసి చెప్పేదాన్ని ‘అంచనా’ అంటేనే న్యాయం. అంచనా తప్పితే లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కోవచ్చు, జోస్యం తప్పితే ఆ వీలు లేదు. మూడింటికి మూడూ లయన్స్‌వే అని అంచనా వేసినవారు సిడ్నీలో దెబ్బతిన్నారు. వాన, మెరుపుల వల్ల ఆట మధ్యలో ఆగిన ఆ మ్యాచ్‌ను ఆస్ట్రేలియా 22-12తో గెలిచింది.

*

పద్యానికీ ఎత్తుగడ ఉంది కదా, ‘మ్యాచ్ ఎత్తుగడ’ అంటే మ్యాచ్ మొదలు అనుకోరా అని పైన వ్యాఖ్యల్లో అడిగిన మాస్టారికి: అవునండీ, పద్యానికీ ఎత్తుగడ ఉంది, అంటే ప్రారంభం. సీసం కింద వచ్చే తేటగీతినో ఆటవెలదినో ఎత్తుగీతి అంటాం. కాబట్టి ‘మ్యాచ్ ఎత్తుగడ’ అని రాస్తే కొందరికి మ్యాచ్ మొదలు అని తోచే ప్రమాదం ఉందన్న మీ మాట సబబే. బహువచనంలో ‘ఎత్తుగడలు’ అంటే ఆ చిక్కు తీరుతుందని నాకనిపిస్తోంది. లైనవుట్‌లో (మైదానం పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరే చోట) బంతి కోసం ఒకణ్ణి ఇద్దరు పట్టి పైకి లేపుతారు కదా, అక్కడ మాత్రం ‘ఎత్తు’ను దాని మామూలు అర్థంలోనే వాడాను.

స్క్రమ్‌కు ‘మొగ్గరం’ పెట్టమన్న అక్కకు: ఆశగానే ఉందండీ, కానీ చదివేవాళ్లు ఆగిపోతారు. స్క్రమ్‌ను స్క్రమ్‌గానే ఉంచి, వర్ణనలో ఒక్కచోట ‘ఎనిమిది మంది మొగ్గరం’ అన్నాను. సిరీస్ గురించిన వాక్యాన్ని ఇలా ముగించాను: ‘మొదటి రెండు టెస్టులు ఒక ఎత్తు, సిడ్నీ ఒక ఎత్తు.’