నాటిలస్ పెంకు గోల్డెన్ స్పైరల్ అవునా, కాదా?

గోదారి_గట్టు: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నాటిలస్ (చుట్టలు తిరిగిన పెంకులో ఉండే సముద్ర జీవి) పెంకు గోల్డెన్ స్పైరల్, అంటే ప్రతి పావు చుట్టుకీ 1.618 రెట్లు పెరిగే చుట్ట, కాదని ప్రాజెక్టులో కొలతలతో సహా రాస్తే స్కూల్లో సున్నా వేశారు. పుస్తకంలో అవుననే ఉందట. నిలువునా కోసిన పెంకు ఫొటో ప్రింట్ తీసి, ఇద్దరం స్కేలు పెట్టి కొలిచాం. నడిమధ్య నుంచి బయటి అంచుకి 9 సెంటీమీటర్లు, అదే గీత మీద ఒక చుట్టు లోపలికొస్తే 3కి కాస్త అటూ ఇటూ. అంటే చుట్టుకి మూడు రెట్లు. గోల్డెన్ స్పైరల్ అయితే చుట్టుకి 6.85 రెట్లు పెరగాలి. పిల్ల రాసినదాంట్లో తప్పేముంది?

లెక్కల_మాస్టారు: మీరు 90 డిగ్రీలకి 1.618 రెట్లు అనుకుంటున్నారండీ. 180 డిగ్రీలకి తీసుకోండి, చుట్టుకి 2.618 వస్తుంది. మీ 3కి దగ్గరే కదా.

గోదారి_గట్టు: పుస్తకంలో చతురస్రాలు పేర్చి గీసిన బొమ్మ ఉంది మాస్టారూ, అది 90 డిగ్రీలదే. పెంకుకి సరిపోలేదని లెక్కనే మార్చేస్తే ఎలా? 1999లో క్లెమెంట్ ఫాల్బో అనే గణిత ప్రొఫెసర్ కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఉన్న పెంకుల్ని కొలిస్తే 90 డిగ్రీలకి సగటు 1.33 రెట్లే వచ్చింది.

రాత్రి_డ్యూటీ: మా జిమ్‌లో ఒక మెషీన్ పేరు నాటిలస్. దీనికీ దానికీ సంబంధం ఉందా?

సముద్రం_పిచ్చి: ఉంది, ఆ మెషీన్‌లో చక్రం ఈ పెంకు ఆకారంలో ఉంటుంది, అందుకే ఆ పేరు. అమెరికా మొదటి అణు జలాంతర్గామికీ ఇదే పేరు, 1958లో ఉత్తర ధ్రువం కిందుగా వెళ్లింది. అసలు జీవి సంగతి ఎవరూ మాట్లాడట్లేదేంటి? పెరిగేకొద్దీ వెనక అర మూసేసి ముందు అరలోకి జరుగుతుంది. మూసిన అరల్లో నీళ్లు తోడేస్తే ఆ ఖాళీలోకి వాయువు చేరుతుంది, దాంతో తేలుతుంది. గుడ్డు పొదగడానికే ఏడాది దాకా పడుతుంది. ఇది చదివి షోకేసులోకి పెంకు కొనకండి, మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, అమ్మడం నేరం.

రాత్రి_డ్యూటీ: థ్యాంక్స్ అన్నా.

లెక్కల_మాస్టారు: అసలు విషయానికొద్దాం. లాగరిథమిక్ స్పైరల్, అంటే ప్రతి చుట్టుకీ ఒకే నిష్పత్తిలో పెరిగే చుట్ట, అనేది నిజం, దాన్ని ఎవరూ కాదనలేదు. 1.33 అయితే ఏంటి, 1.618 అయితే ఏంటి? ఆ బొమ్మ చూపించగానే వెనక బెంచీ పిల్లాడు కూడా తలెత్తి చూస్తాడు. లెక్కలంటే పారిపోయే పిల్లల్ని కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు.

గోదారి_గట్టు: తలెత్తి చూసిన పిల్ల స్కేలు పట్టుకుంది. దానికి సున్నా వేశారు. ఆ రాత్రి అన్నం తినలేదండీ మా అమ్మాయి. "నాన్నా, ఇంకోసారి కొలుద్దామా" అని అడిగింది. మీరేమో ఏంటి తేడా అంటున్నారు!

లెక్కల_మాస్టారు: గొంతు పెంచకండి. నాటిలస్ అన్న పేరే తప్పు కథలోంచి వచ్చింది. గ్రీకులో నావికుడు అని అర్థం. చేతులు తెరచాపలా ఎత్తి నీళ్ల మీద పోతుందని అరిస్టాటిల్ కాలం నుంచీ నమ్మారు. మరి పేరు కూడా కొట్టేస్తారా? అందమైన కథ వల్ల పిల్లలకి ఏం నష్టం?

సముద్రం_పిచ్చి: మాస్టారూ, ఆ కథ దీనిది కాదు, ఆర్గోనాట్‌ది, అదో రకం ఆక్టోపస్. ఆ పేరు తర్వాత దీనికొచ్చింది. ఆర్గోనాట్ పెంకు వేరే జీవి దగ్గర దొంగిలించిందని కూడా చాలామంది అనుకునేవారు. 1830ల్లో సిసిలీలోని మెస్సీనాలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఆవిడ గాజు తొట్టెల్లో వాటిని పెంచి చూసింది. తన పెంకు తనే కట్టుకుంటుందని తేల్చింది. పేరు ఉండనివ్వండి, కథ కంటే ఆవిడ చూసిందే నాకు గొప్ప.

గోదారి_గట్టు: నేను చెప్పేదీ అదే. కథ చెప్పండి, వద్దనను. కానీ కొలిచిన పిల్లని తప్పంటే ఆ పిల్ల మళ్లీ కొలవదు. మాస్టారూ, సూటిగా చెప్పండి. ఈ ప్రాజెక్టు మీ దగ్గరికొస్తే ఎన్ని మార్కులు వేస్తారు?

లెక్కల_మాస్టారు: క్లాసులో లేపి మెచ్చుకుంటాను. మార్కులు మాత్రం జవాబుల కీ ప్రకారమే. ఒకరికి వదిలేస్తే రేపు నలభై మంది తల్లిదండ్రులు నా టేబుల్ ముందుంటారు. స్టాఫ్‌రూమ్‌లో ఆ టెన్షన్ మీరు పడరు.

గోదారి_గట్టు: అంటే కొలత సరైనదని ఒప్పుకుని కూడా మార్కు ఇవ్వరు. గొడవంతా ఇక్కడే ఉంది, 90 డిగ్రీల దగ్గర కాదు.

రాత్రి_డ్యూటీ: మరి కీ మార్చమని ఎవరికి రాయాలి? అది చెప్పండి మాస్టారూ, మేమూ సంతకం పెడతాం.