తీసేసిన ఫైల్ మేనేజరే మళ్లీ తెరుచుకుంటోంది, ప్యానెల్‌లోని ఫోల్డర్ బొమ్మ మాత్రం పనిచేయడం లేదు

సందేహం

నమస్కారమండి. లైనక్స్ మీద ఎక్స్ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ 4.18 కూర్పు వాడుతున్నాను. ఒకే కిటికీలో రెండు ఫోల్డర్లు పక్కపక్కన చూసుకోవచ్చని రెండు వారాల క్రితం మరో ఫైల్ మేనేజర్‌ను తెచ్చి పెట్టుకున్నాను. దాన్నే డిఫాల్ట్‌గా కూడా చేశాను. ఎందుకో చేతికి అలవాటు కాలేదు. నిన్న తీసేశాను. అప్పటి నుంచి కంప్యూటర్ నాతో ఆడుకుంటోంది.

ప్యానెల్ మీద ఉన్న ఫోల్డర్ బొమ్మను నొక్కితే డిఫాల్ట్ ఫైల్ మేనేజర్‌ను నడపలేకపోయినట్లు చెప్పి, కింద "ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపం" అని చూపిస్తోంది. వేరే ప్రోగ్రాముల్లో ఫోల్డర్ లింకు నొక్కితే కోడ్ రాసుకునే ఎడిటర్ తెరుచుకుంటోంది. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ అయిన ఫైలు దగ్గర "ఫోల్డర్‌లో చూపించు" అంటే, మీరు నమ్ముతారో లేదో, నేను తీసేసిన ఆ ఫైల్ మేనేజరే వచ్చి నిలబడుతోంది. టెర్మినల్‌లో థునార్ అని, అంటే ఎక్స్ఎఫ్‌సీఈ సొంత ఫైల్ మేనేజర్ పేరు, కొడితే మాత్రం అది చక్కగా వస్తోంది.

ఇది చాలదన్నట్లు, బ్యాకప్ స్క్రిప్టు కోసం ప్యానెల్‌లో పెట్టుకున్న లాంచర్ ఒక్కసారి కూడా పనిచేయలేదు. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అదే స్క్రిప్టు టెర్మినల్‌లో బాగానే నడుస్తుంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపం అంటే హార్డ్ డిస్కు పోతున్నట్లేనా? భయంగా ఉంది.

జవాబు 1

హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఎక్స్ఎఫ్‌సీఈ4 అనే ఫోల్డర్‌ను మొత్తంగా తుడిచేయండి. లాగవుట్ అయి మళ్లీ రండి. అన్నీ కొత్తగా వస్తాయి. నేనెప్పుడూ అదే చేస్తాను.

జవాబు 2

పై సలహా ఇప్పుడే పాటించవద్దని మనవి. ఆ ఫోల్డర్‌లో మీ ప్యానెల్ అమరిక, కీబోర్డు షార్ట్‌కట్లు, కిటికీల తీరు అన్నీ ఉంటాయి. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్లు అవుతుంది. పైగా ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే సేవ ఆ అమరికలను తన దగ్గర పట్టుకుని ఉంటుంది. అది నడుస్తుండగా ఫైళ్లు తుడిస్తే పాతవే మళ్లీ రాసి పెట్టగలదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఫోల్డర్లు తెరవడంలో మీకున్న మూడు బాధల్లో రెండు ఆ ఫోల్డర్‌లో లేనే లేవు.

డిస్కు గురించి భయపడకండి. ఆ సందేశం పదాలు చూసి కంగారుపడనివారు తక్కువ. తాను పిలవాల్సిన ప్రోగ్రాము దొరకనప్పుడు కూడా ఎక్స్ఎఫ్‌సీఈ ఆ మాటే వాడుతుంది. నిజంగా డిస్కు పాడైతే కర్నెల్ (లైనక్స్ మూల భాగం) చిట్టాలో లోపాల వరుసలు కనిపిస్తాయి. థునార్ తెరుచుకుని ఫైళ్లు చూపిస్తోందంటే ఇక్కడి గొడవ డిస్కుది కాదు.

అసలు విషయానికి వస్తాను. "డిఫాల్ట్ ఫైల్ మేనేజర్" అని మనం ఒక్క మాటలో అంటాం కానీ, ఫోల్డర్ తెరవమనే కోరిక వెళ్లే ద్వారాలు మూడు ఉన్నాయి. ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో కాపలాదారు. మీరు ఒక ప్రోగ్రామును తీసేస్తే ముగ్గురూ మూడు రకాలుగా తడబడ్డారు.

మొదటిది ప్యానెల్ బొమ్మ. అందులో థునార్ పేరు ఉండదు. "ఎక్సో ఓపెన్" అనే ఆదేశం ఉంటుంది. "ఫైల్ మేనేజర్ అనే వర్గానికి ఈ మనిషి ఎవరిని ఎంచుకున్నారో వారిని పిలువు" అని దాని అర్థం. మీ ఎంపిక ఎక్స్ఎఫ్‌సీఈ4 ఫోల్డర్‌లోని హెల్పర్స్ ఆర్‌సీ అనే చిన్న ఫైలులో ఉంటుంది. అక్కడ ఇంకా పాతదాని పేరే ఉంది, ఆ పాతది లేదు, కాబట్టి లోపం. ఇది సులువు. సెట్టింగులలో డిఫాల్ట్ అప్లికేషన్స్ తెరిచి, యుటిలిటీస్ అనే ట్యాబులో ఫైల్ మేనేజర్ దగ్గర థునార్ ఎంచుకోండి. ఫైలును చేత్తో దిద్దే పని పెట్టుకోవద్దు.

రెండవది మైమ్ రకం, అంటే ఫైలు ఏ రకానిదో చెప్పే పేరు. ఫోల్డర్ కూడా ఒక రకం ఫైలే అన్నట్లు దానికీ ఒక రకం పేరు ఉంది: ఐనోడ్/డైరెక్టరీ. చాలా ప్రోగ్రాములు "ఈ రకాన్ని ఎవరు తెరుస్తారు" అని అడిగి, వచ్చిన జవాబు ప్రకారం నడుస్తాయి. మీ ఎంపికలు కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని మైమ్‌యాప్స్ లిస్ట్ అనే ఫైలులో ఉంటాయి. అందులో రాసిన ప్రోగ్రాము కనిపించకపోతే లోపం చూపించరు. ఆ రకాన్ని తెరవగలనని ప్రకటించుకున్న మరో ప్రోగ్రామును పిలుస్తారు. కొన్ని కోడ్ ఎడిటర్లు ఫోల్డర్లను కూడా తెరవగలమని తమ డెస్క్‌టాప్ ఫైలులో (ప్రోగ్రాము తన వివరాలు చెప్పుకునే చిన్న ఫైలు) రాసుకుంటాయి. నిజానికి అది అబద్ధం కాదు, ప్రాజెక్టు ఫోల్డర్‌ను అవి తెరవగలవు కదా. ఖాళీ కుర్చీ కనిపించింది, కూర్చుంది.

మూడవది డీ-బస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. బ్రౌజర్‌లో "ఫోల్డర్‌లో చూపించు" అన్నప్పుడు ఫోల్డర్ తెరవడం ఒక్కటే చాలదు, లోపల ఆ ఫైలు ఎంపికై కనిపించాలి. మైమ్ పద్ధతిలో ఆ మాట చెప్పే వీలు లేదు. అందుకని బ్రౌజర్ డీ-బస్ మీద "ఫైల్ మేనేజర్1" అనే సేవను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరును ఎవరు ముందు తీసుకుంటే వారే జవాబు చెబుతారు. ఇక్కడ డిఫాల్ట్ అనే భావనే లేదు.

ఆదేశాలను తెలుగులో పలికినట్లే రాస్తున్నాను, టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాల్లో కొట్టండి. ఈ రెండూ నడిపి ఏమి వచ్చిందో చెప్పండి:

జీఐఓ మైమ్ ఐనోడ్/డైరెక్టరీ

బస్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.ఫైల్‌మేనేజర్1

ఒక ప్రశ్న కూడా. తీసేసిన తరువాత కంప్యూటర్‌ను ఒక్కసారైనా ఆపి మళ్లీ పెట్టారా?

అడిగినవారు

చాలా సంతోషమండి. డిస్కు మాట విన్నాక ప్రాణం కుదుటపడింది. యుటిలిటీస్ ట్యాబులో థునార్ ఎంచుకున్నాను. ప్యానెల్ బొమ్మ వెంటనే పనిచేసింది.

ఆపి పెట్టలేదు. నాది ల్యాప్‌టాప్, మూత వేసి నిద్రపుచ్చడమే అలవాటు. లాగవుట్ అయి ఎన్ని రోజులైందో గుర్తు లేదు.

మొదటి ఆదేశానికి డిఫాల్ట్‌గా ఎడిటర్ పేరు చూపించి, కింద జాబితాలో థునార్‌నూ చూపించింది. సరే అని అదే ఆదేశం చివర థునార్.డెస్క్‌టాప్ చేర్చి కొట్టాను. ఆ పేరుతో వివరాలు దొరకలేదని విసుక్కుంది. జాబితాలో తానే చూపించిన పేరు తానే దొరకలేదంటే ఎలా?

రెండవ ఆదేశానికి చాలా వరుసలు వచ్చాయి. ప్రాసెస్ సంఖ్య, దాని కింద నేను తీసేసిన ఫైల్ మేనేజర్ పేరు. ఇది దయ్యమా?

జవాబు 2

దయ్యమే, కానీ నిరపాయకరమైనది. లైనక్స్‌లో ఒక ప్రోగ్రాము నడుస్తుండగా దాని ఫైలును డిస్కు మీద తీసేయవచ్చు. పేరు పోతుంది, నడుస్తున్నది మాత్రం మెమరీలో అలాగే ఉంటుంది, తాను ముగిసే దాకా. కొన్ని ఫైల్ మేనేజర్లు కిటికీలన్నీ మూసినా వెనుక కాచుకుని ఉంటాయి. మీరు నిన్న తీసేసినదీ అలాగే నిలిచిపోయింది, ఫైల్ మేనేజర్1 పేరును వదల్లేదు. మూత వేసి నిద్రపుచ్చితే అది కూడా నిద్రపోయి మీతో పాటే లేచింది. ఆ ప్రాసెస్ సంఖ్య ఇచ్చి కిల్ ఆదేశం కొట్టండి, లేదా ఒకసారి లాగవుట్ అయి రండి. తరువాత బ్రౌజర్ అడిగినప్పుడు డీ-బస్ తన దగ్గరి సేవల ఫైళ్లు చూసి థునార్‌ను లేపుతుంది.

థునార్ పేరు సంగతి: మొదటి అక్షరం పెద్దది కొట్టి ఉంటారు. జాబితాలో ఎలా ఉందో మళ్లీ చూడండి.

అడిగినవారు

అవునండి, పెద్ద అక్షరమే కొట్టాను. చిన్న అక్షరంతో కొట్టగానే ఒప్పుకుంది. ఇప్పుడు ఫోల్డర్ లింకులు థునార్‌లోనే వస్తున్నాయి.

జవాబు 3

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేదు. అందుకే కాబోలు ఈ పొరపాటు మనం ఎక్కువగా చేస్తాం. థునార్ విషయంలో ఇంకో చిక్కుంది. దాని డెస్క్‌టాప్ ఫైలు పాత కూర్పుల్లో పెద్ద అక్షరంతో ఉండేది, తరువాత చిన్న అక్షరంగా మారింది. పాత సలహాలు చూసి కొట్టేవారు ఇక్కడే చిక్కుకుంటారు. యూఎస్ఆర్ కింద షేర్ కింద అప్లికేషన్స్ అనే ఫోల్డర్‌లో పేరు ఎలా ఉంటే అలాగే ఎత్తి రాయడం క్షేమం.

ఎన్నిసార్లు మార్చినా మైమ్ ఎంపిక మారకపోతే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ అనే ముందుమాటతో మరో మైమ్‌యాప్స్ లిస్ట్ ఉందేమో వెతకండి. డెస్క్‌టాప్ పేరు తగిలించిన ఫైలు ఉంటే, మామూలు ఫైలు కన్నా ముందు దాని మాటే చెల్లుతుంది. ఒకసారి నేను మామూలు ఫైలునే దిద్దుతూ ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను.

ఇద్దరు ముగ్గురు ఫైల్ మేనేజర్లను నిజంగానే ఉంచుకునేవారికి డీ-బస్ దగ్గర గొడవ మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకే పేరుతో రెండు సేవల ఫైళ్లు ఉంటే ఏది లేస్తుందో ముందే చెప్పలేం. అలాంటప్పుడు మీకు కావలసిన దాని సేవ ఫైలును హోమ్‌లోని లోకల్ షేర్ కింద డీబస్-1 ఫోల్డర్‌లో సర్వీసెస్ అనే చోటికి నకలు చేసుకోండి. సిస్టమ్ ఫోల్డర్ కన్నా మీ సొంత ఫోల్డర్‌కే ప్రాధాన్యం.

అడిగినవారు

లాగవుట్ అయి వచ్చాను. బ్రౌజర్ కూడా దారికొచ్చింది, దయ్యం పోయింది. ఇక మిగిలింది బ్యాకప్ లాంచర్. దాని ఆదేశం గడిలో ఉన్నది ఇది: అలల గుర్తు (~), గీత (/), నా పనులు, గీత, బ్యాకప్.ఎస్‌హెచ్. "నా పనులు" అన్నది ఫోల్డర్ పేరు, మధ్యలో ఖాళీ ఉంది.

జవాబు 2

ఒకే వరుసలో రెండు తప్పులు, రెండూ అందరం చేసినవే. అలల గుర్తును హోమ్ ఫోల్డర్‌గా విప్పి చదివేది షెల్, అంటే టెర్మినల్‌లో మన ఆదేశాలను చదివే ప్రోగ్రాము. లాంచర్ షెల్‌ను పిలవదు, అక్కడ ఆ గుర్తును నమ్ముకోలేం.  డాలర్ గుర్తుతో హోమ్ అని రాసినా అంతే. కాబట్టి గీతతో మొదలుపెట్టి హోమ్, మీ పేరు, అలా పూర్తి దారి రాయండి. ఇక ఆ ఖాళీ. ఖాళీ దగ్గర ఆదేశం ముగిసిందని, తరువాతి ముక్క వేరే అని అనుకుంటుంది. పూర్తి దారిని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి.

అప్పటికీ పలకకపోతే స్క్రిప్టుకు నడిచే అనుమతి ఉందో లేదో చూడండి. టెర్మినల్‌లో మీరు ముందు బాష్ అని (అదీ ఒక షెల్ పేరే) రాసి నడుపుతుంటే ఆ లోటు అక్కడ బయటపడదు. లాంచర్ సెట్టింగులలో "టెర్మినల్‌లో నడుపు" అని టిక్ పెడితే లోపం కనిపిస్తుందని అనుకుంటాం, కానీ స్క్రిప్టు ముగియగానే ఆ కిటికీ మూసుకుపోతుంది, చదివే వ్యవధి ఉండదు. దాని బదులు ఆదేశం గడిలో ఎక్స్ఎఫ్‌సీఈ4-టెర్మినల్ అని, తరువాత --హోల్డ్ అని, ఆ తరువాత -ఎక్స్ అని రాసి చివర స్క్రిప్టు దారి ఇవ్వండి. పని అయ్యాక కూడా కిటికీ తెరిచే ఉంటుంది.

జవాబు 3

స్క్రిప్టులో మీ సొంత ప్రోగ్రాములను ఉత్త పేరుతో పిలిస్తే అది కూడా ఆపవచ్చు. బాష్ఆర్‌సీ అనే ఫైలులో పెట్టుకున్న పాత్, అంటే ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితా, టెర్మినల్‌కు తెలుస్తుంది, ప్యానెల్‌కు తెలియదు. ప్రొఫైల్ ఫైలులో పెట్టి లాగవుట్ అయి వస్తే చాలాచోట్ల సరిపోతుంది. స్క్రిప్టులోనే పూర్తి దారులు రాయడం ఇంకా నిశ్చింత.

అడిగినవారు

పూర్తి దారి, కొటేషన్ గుర్తులు పెట్టాను. ఇంకా పలకలేదు. హోల్డ్ పెట్టి చూస్తే అనుమతి లేదని కనిపించింది. మీరన్నట్లే నేను ఇన్నాళ్లూ ముందు బాష్ అని రాసి నడుపుతున్నాను. థునార్‌లోనే ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో నడిచే అనుమతి ఇచ్చాను. ఇప్పుడు ఒక్క నొక్కుతో బ్యాకప్ నడుస్తోంది. అన్నీ సర్దుకున్నాయి, అందరికీ కృతజ్ఞతలు.

జవాబు 1

నా సలహా మీరు పాటించనందుకు సంతోషం. నేను ప్రతిసారీ తుడిచేసి మొదటి నుంచి సర్దుకుంటూ వచ్చాను, ఇన్ని ద్వారాలు ఉన్నాయని తెలియదు. ఒక్క సంగతి అడగవచ్చా? రెండు ఫోల్డర్లు పక్కపక్కన కావాలనే కదా వేరే ఫైల్ మేనేజర్ తెచ్చుకున్నారు. 4.18లో థునార్‌కే ఆ సౌకర్యం వచ్చింది. ఎఫ్3 నొక్కి చూడండి.

అడిగినవారు

నొక్కాను. రెండుగా చీలింది. కాసేపు ఎవరూ నన్ను ఏమీ అనకండి.