బుమ్రాకు మూడు, సిరాజ్‌కు ఐదు: ఒకే జట్టులో రెండు లెక్కలా?

రెడ్‌చెర్రీ:
2025 ఇంగ్లండ్ సిరీస్‌లో పేసర్ బుమ్రా మీద భారం పడకూడదని, అతను ఐదు టెస్టులూ ఆడడని ముందే చెప్పేశారు. మూడు ఆడాడు: 119.4 ఓవర్లు, 14 వికెట్లు. సిరాజ్ ఐదూ ఆడాడు: 185.3 ఓవర్లు, 23 వికెట్లు. ఇద్దరి వయసులో తేడా మూడు నెలలు. నాలుగో టెస్ట్ మాంచెస్టర్‌లో జూలై 27న అయిపోయింది, ఆఖరిది ఓవల్‌లో 31న మొదలైంది. మాంచెస్టర్‌లో 30 ఓవర్లు వేసి 140 పరుగులిచ్చిన బౌలర్‌ని మూడు రోజుల్లో మళ్లీ దింపారు. ఓవల్‌లో ఆరు పరుగులతో గెలిచాం కాబట్టి ఎవరూ అడగట్లేదు. నా దృష్టిలో అది సెలక్షన్ కాదు, జూదం.

సీమ్‌అప్:
వయసు కాదు బ్రదర్, బౌలింగ్ యాక్షన్ చూడాలి. బుమ్రాది పొట్టి రనప్, బంతి వేసే ముందు పరుగు తక్కువ. వేగం పరుగులోంచి రాదు. ముందు కాలు బిగబట్టి, ఒంటిని ఒక్కసారిగా విసిరితే వస్తుంది. ఆ కుదుపు నడుము దగ్గరి వెన్నుపూసల మీద పడుతుంది. 2023లో వెన్నుకు సర్జరీ. 2025 జనవరిలో సిడ్నీలో మళ్లీ వెన్నే, రెండో ఇన్నింగ్స్‌లో బంతి పట్టలేదు. సిరాజ్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఆ ఊపునే బంతికిస్తాడు. ఇద్దరికీ ఒకే లెక్క వేయడమే తప్పు.

ఇంకోటి. పేసర్‌ని ఎక్కువగా దెబ్బతీసేది మొత్తం ఓవర్లు కాదు, ఓవర్లు ఉన్నట్టుండి పెరగడం. నెలరోజులుగా వారానికి 30 ఓవర్లు వేస్తున్నవాడు ఒక వారం 40 వేసినా తట్టుకుంటాడు. ఐపీఎల్‌లో మ్యాచ్‌కి నాలుగు ఓవర్లు వేసి వచ్చి ఒకేసారి 40 వేస్తే వెన్నెముకలో సన్నటి చీలిక వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ లెక్కన సిరీస్ మొత్తంలో సిరాజ్‌కి ప్రమాదం ఐపీఎల్ తర్వాత ఆడిన మొదటి టెస్ట్ లీడ్స్‌లోనే ఎక్కువ, ఓవల్‌లో కాదు.

ఉప్పల్_గ్యాలరీ:
అన్నీ సరేగాని ఓవల్ల నాలుగో రోజు ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? 19 మీద ఉన్నడు. మన పేసర్ ప్రసిధ్ బాల్, లాంగ్ లెగ్‌ల బౌండరీ కాడ సిరాజ్ పట్టిండు, కాలు బౌండరీ రోప్ మీద పెట్టిండు. అవుట్ కావాల్సింది సిక్స్ అయింది. బ్రూక్ 111 కొట్టి పోయిండు. కాళ్లు అలసిపోతే రోప్ ఎక్కడున్నదో సోయి ఉండది. ఇంతకన్నా సాక్ష్యం ఏం గావాలె?

సీమ్‌అప్:
అది లంచ్‌కి ముందు జరిగింది భాయ్. రోప్‌కి మరీ దగ్గర నిలబడి, పట్టాక వెనక్కి అడుగేశాడు. అది నిలబడే చోటులో తప్పు. అలసట బౌలింగ్‌లో కనపడాలి: రిలీజ్ జారి బంతి లెగ్ వైపు పోవాలి, బౌన్సర్ ఛాతీ ఎత్తు దాటకూడదు, ముందు పాదం క్రీజు దాటాలి. చివరి రోజు అవేవీ లేవు. ఆఖరి వికెట్ యార్కర్‌తో, అంటే బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతితో తీశాడు.

ట్యాంక్‌బండ్:
మర్నాడు పొద్దున మూడు వికెట్లు తీసింది కూడా ఆ కాళ్లే.

ఉప్పల్_గ్యాలరీ:
క్యాచ్ పడితే మర్నాడు దాకా రాకపోతుండె గదా అన్నా.

పార్ట్‌టైమ్_ఆఫ్‌స్పిన్:
మీరిద్దరూ కొమ్మల మీద కొట్టుకుంటున్నారు. సిరాజ్ మీద ఓవర్లు పడింది ఎందుకో చూడండి. లీడ్స్ మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 100.4 ఓవర్లు ఆడితే ఆల్‌రౌండర్ శార్దూల్ ఆరు వేశాడు, సిరాజ్ 27. మాంచెస్టర్‌లో 157.1 ఓవర్లలో శార్దూల్ 11. ఎనిమిదో నంబర్‌లో బ్యాటింగ్ ఉండాలని ఒకణ్ణి తీసుకుంటే, అతను వేయని ఓవర్లు నికార్సైన పేసర్ల నెత్తిన పడతాయి. స్పిన్నర్ కుల్దీప్ ఐదు టెస్టులూ బెంచీ మీదే. రోజుకి 20 ఓవర్లు ఒక వైపు నుంచి పట్టి ఉంచే అలాంటి రిస్ట్ స్పిన్నర్ (మణికట్టుతో బంతి తిప్పేవాడు) ఉంటే సిరాజ్ ఐదు ఓవర్ల స్పెల్స్‌లో వచ్చేవాడు. వర్క్‌లోడ్, అంటే బౌలర్ మీద పడే భారం, ఫిజియో గదిలో కాదు, టాస్ ముందు పదకొండు మంది పేర్లు రాసేటప్పుడే తేలిపోతుంది.

సీమ్‌అప్:
కుల్దీప్‌ని ఆడించాలంటే ఒక బ్యాటర్ తగ్గాలి. లీడ్స్‌లో మన చివరి వికెట్లు రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ కుప్పకూలాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు.

పార్ట్‌టైమ్_ఆఫ్‌స్పిన్:
ఆ లీడ్స్‌లో ఎనిమిదో నంబర్ శార్దూలే కదా. బ్యాటింగ్ కోసం తీసుకున్నా కూలింది. నాలుగో ఇన్నింగ్స్‌లో 371 కాపాడుకోలేకపోయాం. టెస్ట్ గెలవాలంటే 20 వికెట్లు కావాలి.

రెడ్‌చెర్రీ:
సీమ్‌అప్ గారూ, వెన్నుపూసల పాఠం బాగుంది. కానీ సిరాజ్ గట్టివాడు కాబట్టి ఎంతైనా మోస్తాడు అని తేల్చేశారు. మాట్లాడకుండా పని చేసేవాడికే పని పెంచుతారు. ఇదే పద్ధతి ఎన్నాళ్లు?

సీమ్‌అప్:
సిరాజ్ హైదరాబాదీ కాబట్టి మీకు నొప్పి. ఎడ్జ్‌బాస్టన్‌లో పది వికెట్లు తీసిన పేసర్ ఆకాశ్ దీప్ మాంచెస్టర్‌కి గజ్జల గాయంతో లేడు. అతని గురించి ఒక్క ముక్క రాశారా? అభిమానాన్ని న్యాయం పేరుతో అమ్మకండి.

రెడ్‌చెర్రీ:
ఊరి పేరు ఎత్తారు కాబట్టి చెప్తాను. 2025 చాంపియన్స్ ట్రోఫీ జట్టులోంచి సిరాజ్‌ని తప్పించారు. కొత్త బంతి చేతిలో లేకపోతే అతని ప్రభావం తగ్గుతుందన్నది అప్పటి కెప్టెన్ రోహిత్ బహిరంగంగా చెప్పిన కారణం. అది మోసుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. ఓవల్‌లో ఐదో రోజు 80 ఓవర్లు దాటినా మనవాళ్లు కొత్త బంతి తీసుకోలేదు. 26 ఓవర్లు వేసి పడుకున్నవాడు పొద్దున్నే వచ్చి, ఆ పాత బంతితోనే 4.1 ఓవర్లలో ముగించాడు.

జట్టులో చోటు ఖాయం కాని బౌలర్ 'ఈ టెస్ట్ నావల్ల కాదు' అనగలడా? బుమ్రా అనగలడు, అనాలి కూడా. సిరాజ్ అంటే తర్వాతి సిరీస్‌లో పేరుంటుందా? ఆకాశ్ దీప్ అంటే ఉంటుందా? నేను ఓవర్లు లెక్కపెట్టింది అందుకు.

ఉప్పల్_గ్యాలరీ:
గిది మొదాలే చెప్పాల్సింది అన్నా.

సీమ్‌అప్:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఇక్కడే మీతో నాకు తేడా. ఆడనా వద్దా అన్నది ఆటగాడు తేల్చేది కాదు. 2-1తో వెనకబడి ఆఖరి టెస్ట్, బుమ్రా లేడు. సిరాజ్‌ని కూడా కూర్చోబెడితే ఓవల్‌లో అనుభవం ఉన్న పేసర్ ఎవరు? ఫిజియో కుదరదంటే ఆపాలి, లేకపోతే బెస్ట్ పదకొండు దిగాలి. 'అనగలడా' అన్న ప్రశ్న సెలక్టర్ టేబుల్ మీదకి వస్తే రేపు ప్రతి ఒక్కడూ తనకి నచ్చిన పిచ్ ఏరుకుంటాడు.

రెడ్‌చెర్రీ:
ఏరుకోమనట్లేదు. బుమ్రాకి చేసినట్టే మిగతా పేసర్లతోనూ సిరీస్‌కి ముందే కూర్చుని, మూడు రోజుల గ్యాప్ ఉన్న రెండు చోట్లా ఎవరు ఆగాలో రాసిపెట్టండి. ఎడ్జ్‌బాస్టన్ తర్వాత లార్డ్స్, మాంచెస్టర్ తర్వాత ఓవల్. తేదీలు నెలల ముందే తెలుసు.

సీమ్‌అప్:
ముందే రాసిపెడితే ఎదుటి జట్టు దాన్నిబట్టే పిచ్ చేయించుకుంటుంది.

రెడ్‌చెర్రీ:
బుమ్రాది లోకానికంతా చెప్పారు కదా. అతను లేని ఎడ్జ్‌బాస్టన్, ఓవల్ రెండూ మనమే గెలిచాం. మిగతావాళ్లది లోకానికి చెప్పక్కర్లేదు. వాళ్లకి చెప్పండి చాలు.